మే నెల ఎండకి సోలార్ ప్యానెల్ ఎందుకు డీలా పడుతుంది

డాబా మీద సోలార్ పెట్టించుకున్న చాలామందికి మొదటి వేసవిలోనే ఒక అనుమానం మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొబైల్ యాప్‌లో చక్కగా కనిపించిన యూనిట్లు, ఎండలు మండిపోయే మే నెలలో ఇంకా పెరగాల్సింది పోయి కిందికి జారతాయి. ఇన్వర్టర్ పోయిందేమో, నాసిరకం ప్యానెల్స్ అంటగట్టారేమో అని టెన్షన్ పడి బిగించినవాళ్ళకి ఫోన్లు చేస్తారు. చాలా ఇళ్ళలో అక్కడ పాడైంది ఏమీ ఉండదు. సిలికాన్ స్వభావమే అంత. దానికి వెలుతురు కావాలి, వేడి పడదు. మన ఎండలో రెండూ కలిసే దిగుతాయి.

ఈ సంగతి ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే ఏ ప్యానెల్ కొనాలి, ఎలా బిగించాలి, కంపెనీలు చెప్పే వాట్లలో ఎంత నమ్మాలి అనేవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. కానీ అమ్మేవాళ్ళు దీని గురించి పెద్దగా మాట్లాడరు. వాట్లు, సబ్సిడీ, ఈఎంఐ, అంతటితో సరి. అందుకని సెల్ లోపలికే వెళ్ళి చూడాలి.

ఒక సిలికాన్ సెల్‌ని విడిగా చూస్తే అది 150 మైక్రాన్ల మందం కూడా ఉండని పలక, అంటే ఒకటి రెండు తలవెంట్రుకలంత మందం. కాస్త గట్టిగా పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. మీద చాలా సన్నటి వెండి గీతలు, వాటికి అడ్డంగా కొంచెం లావు గీతలు. పలక ముదురు నీలంగానో నల్లగానో ఉంటుంది కానీ అది సిలికాన్ రంగు కాదు. నునుపు చేసిన సిలికాన్ మెరిసే బూడిద రంగులో ఉంటుంది, తన మీద పడ్డ వెలుతురులో మూడో వంతుని వెనక్కి కొట్టేస్తుంది. అలా పోనివ్వకుండా ముందు క్షారంతో పైపొరని చెక్కి, కంటికి కనిపించని చిన్న చిన్న పిరమిడ్లు లేపుతారు. దాని మీద సిలికాన్ నైట్రైడ్ పూత వేస్తారు. ఒక పిరమిడ్ మీద తగిలి చెదిరిన వెలుతురు పక్క పిరమిడ్‌కి తగిలి లోపలికే పోతుంది. మనకి కనిపించే నీలం ఆ పూతది.

అసలు పని జరిగేది ఆ పలక లోపల రెండు పొరలు కలిసే చోట. ఒక పొరలో ఫాస్ఫరస్ లాంటిది కలుపుతారు, అక్కడ విడి ఎలక్ట్రాన్లు ఎక్కువ. రెండో పొరలో బోరాన్ లేదా గాలియం, అక్కడ ఎలక్ట్రాన్లకి ఖాళీలు ఎక్కువ. ఈ రెండూ ఆనుకున్న సరిహద్దులో ఒక విద్యుత్ క్షేత్రం ఎప్పటికీ అలా నిలిచి ఉంటుంది. వెలుతురు కణం, అంటే ఫోటాన్, వచ్చి తగిలి ఒక ఎలక్ట్రాన్‌ని ఊడదీస్తే ఈ క్షేత్రం దాన్ని ఒక వైపుకి తోసేస్తుంది. వెండి గీతల్లోంచి బయటికి, మన ఫ్యాన్‌లోంచి తిరిగి వెనక వైపుకి. అదే కరెంటు. తిరిగే చక్రం లేదు, మండే ఇంధనం లేదు, పొగ లేదు. ఒక సెల్ ఇచ్చే వోల్టేజీ మాత్రం 0.6, 0.7 వోల్టులే కాబట్టి డజన్ల కొద్దీ సెల్స్‌ని వరసగా కలిపితేగాని ఒక ప్యానెల్ అవదు.

ఇక్కడే సిలికాన్‌కి ఒక కచ్చితమైన లెక్క ఉంది. ఎలక్ట్రాన్ ఊడాలంటే ఫోటాన్ దగ్గర కనీసం 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. చిల్లర తిరిగివ్వని కండక్టర్ ఉన్న బస్సు అనుకోండి, టికెట్ 112 రూపాయలు. చేతిలో 100 ఉన్నవాడు ఎక్కలేడు. 275 ఇచ్చినవాడు ఎక్కుతాడు, కానీ మిగతా 163 వెనక్కి రావు. ఎండలోని పరారుణ కాంతిలో చాలా భాగం ఆ 100 రూపాయల మనిషి లాంటిది, సిలికాన్ దాన్ని పట్టించుకోదు, సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు ఐదో వంతు అలా పోతుంది. నీలం కాంతి ఫోటాన్ దగ్గర 2.75 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది. అందులో పనికొచ్చేది 1.12లోపే, మిగిలింది సెల్ లోపలే వేడిగా మారిపోతుంది. ఇలా వేడి కింద పోయేది ఇంకో మూడో వంతు దాకా ఉంటుంది.

షాక్లీ, క్వైసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1961లోనే ఈ లెక్క కట్టి ఒకే పదార్థంతో చేసిన సెల్ సామర్థ్యానికి, అంటే పడ్డ ఎండలో కరెంటుగా మార్చగలిగే వాటాకి, దాటలేని హద్దు ఉంటుందని చూపించారు. సిలికాన్‌కి ఉన్న ఇతర నష్టాలు కూడా కలుపుకుంటే ఆ హద్దు 29.4 శాతం దగ్గర ఆగుతుంది. ప్రయోగశాలల్లో చేసిన సిలికాన్ సెల్స్ ఇప్పటికే 27 శాతం దాటాయి. బజార్లో దొరికే మంచి ప్యానెల్స్ 21 నుంచి 24 శాతం మధ్య ఉన్నాయి. ఈ రంగంలో మామూలు సిలికాన్‌తో ఇంకా గుంజుకోగలిగింది కొద్దిగానే మిగిలిందని దీని అర్థం. అందుకే 'సరికొత్త టెక్నాలజీ, రెట్టింపు కరెంటు' అని ఎవరైనా చెబితే ఆ మాటని అక్కడే వదిలేయడం మంచిది.

ఇక వేడి సంగతి. సెల్ వేడెక్కే కొద్దీ ఎండ తగలకపోయినా లోపల ఎలక్ట్రాన్లు వాటంతట అవే ఊడుతుంటాయి, ఊడినవి బయటికి వెళ్ళకుండా లోపలే తిరిగి కలిసిపోవడం పెరుగుతుంది. ఫలితం, ఒక్కో సెల్ వోల్టేజీ ప్రతి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. పారే కరెంటు (ఆంపియర్లు) రవ్వంత పెరుగుతుంది కానీ పోయిన వోల్టేజీ ముందు అది ఏ మూలకీ చాలదు.

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది కదా, అది కొలిచింది చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురులో, సెల్ వేడి 25 డిగ్రీల దగ్గర. గాలి వేడి కాదు, సెల్ వేడి. మే నెలలో కర్నూల్లోనో రామగుండంలోనో గాలే 43 డిగ్రీలు ఉన్నప్పుడు, గాజు కింద ఎండకి మాడుతున్న సెల్ 65, 70 డిగ్రీలకి చేరుతుంది. కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో, ప్రతి డిగ్రీకి 0.35 శాతం తగ్గుతుందని ఉంటే, 65 డిగ్రీల దగ్గర 40 డిగ్రీల తేడాకి 14 శాతం హరీ. 540 వాట్ల ప్యానెల్ 464 వాట్ల దగ్గర నిలబడుతుంది. దీని మీద మే నెల దుమ్ము కూడా పేరుకుంటే యాప్‌లో కనిపించే ఆ తగ్గుదలకి వేరే కారణం వెతకనక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే ఈ సెల్ పుట్టుకే వేడి ప్రాంతాల కోసం. 1950ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చేపిన్ అనే ఇంజనీరుకి ఒక పని అప్పగించారు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మారుమూల చోట్ల టెలిఫోన్ పరికరాల్లోని డ్రై బ్యాటరీలు త్వరగా చెడిపోతున్నాయి, వాటి బదులు ఇంకేదైనా చూడమన్నారు. అతను మొదట సెలీనియంతో చేసి చూశాడు, అర శాతం సామర్థ్యం కూడా గగనమైంది. అదే సంస్థలో సిలికాన్ మీద పనిచేస్తున్న కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తోడయ్యాక కథ మారింది. 1954 ఏప్రిల్ 25న ముగ్గురూ కలిసి దాదాపు 6 శాతం సామర్థ్యమున్న సిలికాన్ సెల్‌ని లోకానికి చూపించారు. నాలుగేళ్ళకే, 1958లో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సిలికాన్ సెల్స్‌తో అంతరిక్షంలోకి వెళ్ళింది. ధర మాత్రం ఉపగ్రహాలకే తగ్గట్టు ఉండేది. 1970ల మధ్యలో కూడా నేటి డాలర్ల లెక్కలో వాట్‌కి 100 డాలర్ల స్థాయి. మన దేశంలో సాహిబాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లో తొలి సెల్‌ని తయారు చేసింది. తయారీలో మనం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళం కాదు, మొదలుపెట్టి వదిలేసినవాళ్ళం. ఈ విషయం తలచుకుంటే బాధ కలుగుతుంది.

ధర కూలింది ఎక్కడంటే, జర్మనీ 2000లో తెచ్చిన చట్టం సోలార్ కరెంటుని ఖాయమైన ధరకి కొంటామని హామీ ఇచ్చింది. గిరాకీ పుట్టింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ దగ్గర చదువుకున్న షి జెంగ్‌రోంగ్ చైనాకి తిరిగి వెళ్ళి 2001లో సన్‌టెక్ అనే ప్యానెల్ కంపెనీ పెట్టాడు. తర్వాత అక్కడ ఫ్యాక్టరీల మీద ఫ్యాక్టరీలు లేచాయి. 2024 నాటికి చైనాలో ప్యానెల్ ధర వాట్‌కి 10 సెంట్ల దగ్గరికి దిగింది. ఇరవై ఏళ్ళ క్రితం ఒక వాట్‌కి 16 గ్రాముల దాకా పట్టిన శుద్ధ సిలికాన్ ఇప్పుడు 2 గ్రాములే పడుతోంది. రాపిడి పొడి కలిపిన ద్రవంతో కోయడానికి బదులు వజ్రపు పొడి అద్దిన తీగతో పలుచగా కోయడం నేర్చారు, పొడిగా పోయేది తగ్గింది.

మళ్ళీ మన వేడి దగ్గరికి వద్దాం. ఇప్పుడు బజార్లో మూడు రకాల పేర్లు వినిపిస్తాయి. పెర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ. మూడూ సిలికానే. తేడా అంతా ఊడిన ఎలక్ట్రాన్లు బయటికి వెళ్ళేలోపు సెల్ ఉపరితలం దగ్గరా, లోహం తగిలే చోటా తప్పిపోకుండా ఎంత బాగా కాపాడతాయి అన్నదే. పెర్క్‌లో వెనక వైపు ఒక రక్షణ పొర ఉంటుంది, మార్టిన్ గ్రీన్ బృందం 1980లలో తీర్చిదిద్దిన ఆలోచన అది. టాప్‌కాన్‌లో లోహానికీ సిలికాన్‌కీ మధ్య అతి పలుచని ఆక్సైడ్ పొర పెడతారు. హెచ్‌జేటీలో స్ఫటిక సిలికాన్‌కి రెండు వైపులా స్ఫటికం కాని సిలికాన్ పూస్తారు, జపాన్‌లో సాన్యో కంపెనీ దీన్ని ముందు బజారుకి తెచ్చింది.

కొనేవాళ్ళకి ముఖ్యమైంది ఇంకొకటి. సెల్ లోపల నష్టాలు తగ్గితే వోల్టేజీ పెరుగుతుంది, వోల్టేజీ ఎక్కువున్న సెల్‌కి వేడి దెబ్బ తక్కువ. డేటాషీట్‌లో 'టెంపరేచర్ కోఎఫిషెంట్' అనే వరస ఉంటుంది, అక్కడ పెర్క్‌కి మైనస్ 0.35 దగ్గర, టాప్‌కాన్‌కి మైనస్ 0.30 దగ్గర, హెచ్‌జేటీకి మైనస్ 0.25 దగ్గర కనిపిస్తుంది. పైన చెప్పిన అదే 65 డిగ్రీల లెక్కలో 540 వాట్ల టాప్‌కాన్ 475 వాట్లు, హెచ్‌జేటీ 486 వాట్లు ఇస్తాయి. స్టిక్కర్ మీద మూడింటికీ అదే 540! జర్మనీలో ఉన్నవాళ్ళకి ఈ తేడా పెద్దది కాకపోవచ్చు, కానీ రాయలసీమలో, తెలంగాణలో ఉన్నవాళ్ళు స్టిక్కర్ మీది వాట్ల కన్నా ఈ వరసని ముందు చూడాలి. సామర్థ్యం అర శాతం ఎక్కువ అని ఎక్కువ డబ్బు పెట్టే బదులు ఈ అంకె చూసి పెట్టడం తెలివైన పని. హెచ్‌జేటీ ధర ఇంకా ఎక్కువే, దొరకడమూ తక్కువే కాబట్టి మామూలు ఇంటికి ఇవాళ టాప్‌కాన్ సరిపోతుంది.

బిగించే తీరు కూడా అంతే ముఖ్యం. రేకుల షెడ్డు మీద రేకుకి అతుక్కున్నట్టు ప్యానెల్స్ పరిచేస్తే వెనక గాలి ఆడదు, కింద రేకు వేడి కూడా తోడవుతుంది. స్లాబ్ మీద నాలుగడుగులు లేపి, దక్షిణం వైపు సుమారు 15 డిగ్రీలు వంచి పెడితే కింద గాలి తిరిగి సెల్ కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ 2022లో పూర్తి చేసిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటుకి ఉన్న లాభాల్లో ఇదొకటి. నీటి మీద ప్యానెల్ నేల మీద కన్నా చల్లగా ఉంటుంది, పైగా రిజర్వాయర్‌లో నీళ్ళు ఆవిరవడం తగ్గుతుంది, ఎకరం భూమి సేకరించే పని లేదు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ పరిధిలో 2017లో సిద్ధమైన 1000 మెగావాట్ల పార్కుకి దాదాపు 6 వేల ఎకరాలు పట్టిందని గుర్తుంచుకుంటే ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

నీడ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ప్యానెల్‌లో పదో వంతు మీద నీడ పడితే పదో వంతు కరెంటే పోతుందనుకుంటారు. సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి అలా జరగదు. సాయంత్రం నాలుగింటికి వాటర్ ట్యాంకు నీడ ఒక ప్యానెల్ అంచున రెండు సెల్స్‌ని కప్పిందనుకోండి, ఆ రెండూ కరెంటుని ముందుకి పోనివ్వవు, పైపెచ్చు మిగతా సెల్స్ కరెంటు వాటి మీద పడి అవి వేడెక్కిపోతాయి. అందుకే ప్యానెల్ వెనక డబ్బాలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. నీడ పడ్డ భాగాన్ని పక్కకి తప్పించి కరెంటుని వేరే దారిన పంపుతాయి. సెల్స్ కాలిపోకుండా బతుకుతాయి, కానీ ఆ నీడ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో మూడో వంతు దాకా పనిచేయదు. కొబ్బరి మట్ట నీడ, డిష్ యాంటెన్నా నీడ, పక్కింటి వాళ్ళు కొత్తగా లేపిన పిట్టగోడ నీడ, ఏదీ చిన్నది కాదు. బిగించకముందే ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ డాబా ఎక్కి నీడలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవాలి, అదీ డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి నీడలు ఇంకా పొడవవుతాయని లెక్కలో పెట్టుకుని.

కడిగేటప్పుడు ప్యానెల్ మీద కాలు పెట్టనివ్వకండి. గాజు పగలదు, నిజమే. కింద వెంట్రుక మందం పలకలు మాత్రం కంటికి కనిపించకుండా చిట్లుతాయి, ఆ చిట్లు రెండు మూడేళ్ళకి కరెంటు తగ్గిపోవడంలో బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్ళు కొట్టడం కూడా వద్దు, తెల్లవారుజామున కడగడం మంచిది. సముద్రం పక్కన ఉండే కాకినాడ, విశాఖ లాంటి ఊళ్ళలో తేమ, ఉప్పుగాలి ఇంకో శత్రువు. అక్కడ వెనక కూడా గాజే ఉన్న ప్యానెల్స్ తీసుకుంటే తేమ లోపలికి వెళ్ళడం కష్టం. ఇవన్నీ సరిగ్గా చూసుకుంటే మంచి ప్యానెల్ ఏటా అర శాతానికి మించి బలం కోల్పోదు. ఒక కిలోవాట్‌కి ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు అనే లెక్క తెలుగు రాష్ట్రాలకి బాగానే సరిపోతుంది.

ఇంత శుభ్రమైన కరెంటు ఇచ్చే సెల్ తయారీ మాత్రం అంత శుభ్రమైనది కాదు, ఈ మాట దాచకూడదు. భూమి పైపొర బరువులో నాలుగో వంతుకి పైగా సిలికానే ఉన్నా, అది ఆక్సిజన్‌తో గట్టిగా అతుక్కుని ఉంటుంది. తెల్ల క్వార్ట్జ్ రాయిని బొగ్గుతో కలిపి 2000 డిగ్రీలకి దగ్గరగా కాల్చి సిలికాన్‌ని విడదీస్తారు, అప్పుడు వచ్చేది 98, 99 శాతం శుద్ధం. సెల్‌కి అది పనికిరాదు. దాన్ని వాయువుగా మార్చి శుద్ధి చేసి, కరెంటుతో కాలుతున్న కడ్డీల మీద మళ్ళీ పేరబెడితే వంద కోట్ల అణువుల్లో ఒకటి మాత్రమే కల్తీ ఉండే స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత 1414 డిగ్రీల దగ్గర కరిగించి, ఒక చిన్న స్ఫటికాన్ని ముంచి నెమ్మదిగా తిప్పుతూ పైకి లాగితే గుండ్రటి దిమ్మ వస్తుంది. సెల్ మూలలు కొద్దిగా కోసినట్టు ఉండేది అందుకే, గుండ్రటి దిమ్మలోంచి చదరాన్ని కోశారు. ఈ దశలన్నీ కరెంటు తాగేవే, చైనాలో ఆ కరెంటు పెద్ద భాగం బొగ్గుదే. అయినా లెక్క సోలార్ వైపే మొగ్గుతుంది. తయారీకి ఖర్చయిన శక్తిని ప్యానెల్ ఏడాదిలో, మహా అయితే ఏడాదిన్నరలో తిరిగి ఇచ్చేస్తుంది, ఆ తర్వాత పాతికేళ్ళు ఇచ్చేదంతా మిగులే. వెండి ఇంకో ఇబ్బంది. 2024లో ప్రపంచ వెండి గిరాకీలో దాదాపు ఆరో వంతు సోలార్‌దే, అందుకే కంపెనీలు వెండి బదులు రాగి గీతలు పెట్టే పనిలో ఉన్నాయి.

శుద్ధ సిలికాన్ నుంచి ప్యానెల్ దాకా ప్రతి దశలోనూ ప్రపంచ తయారీలో 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉంది. మన దేశం 2025 జనవరిలో 100 గిగావాట్ల సోలార్ దాటింది, కానీ దిమ్మలూ పలకలూ తయారుచేసే మొదటి దశల్లో మనది ఇప్పటికీ చాలా చిన్న చేయి. సెల్స్ తయారీ మాత్రం ఊపందుకుంది, హైదరాబాద్‌లో ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి కంపెనీలు చేస్తున్నాయి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి వచ్చే 78 వేల రూపాయల సబ్సిడీ కావాలంటే సెల్ కూడా ఇక్కడ తయారైందే అయి ఉండాలి. అలాంటి ప్యానెల్ ధర ఎక్కువ ఉంటుంది, కొటేషన్ తీసుకునేటప్పుడు సెల్ ఎక్కడ తయారైందో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. పాతికేళ్ళ తర్వాత ఈ ప్యానెల్స్ అన్నీ ఏమవుతాయన్నది న్యాయమైన ప్రశ్న. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెల్స్‌ని కూడా చేర్చారు. గాజు, అల్యూమినియం తీయడం తేలికే, సిలికాన్, వెండి లాభసాటిగా తీయడమే ఇంకా కుదరాలి.

రాబోయేది ఏమిటంటే, సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పదార్థాన్ని పలుచగా పూసి రెండు సెల్స్‌ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం. నీలం, పచ్చ కాంతిని పైపొర ఎక్కువ వోల్టేజీకి వాడుకుంటుంది, ఎరుపుని, పరారుణాన్ని కిందికి వదిలేస్తుంది. అంటే ఇందాకటి పోయిన చిల్లరలో కొంత వెనక్కి వస్తుంది, వేడి కింద పోయేదీ తగ్గుతుంది. 2024లో చైనా కంపెనీ లాంగీ ఇలాంటి చిన్న సెల్‌తో 34.6 శాతం చూపించింది. అదే ఏడాది బ్రిటన్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ పీవీ మొదటి వాణిజ్య ప్యానెల్స్‌ని పంపింది. సిలికాన్ ఒంటరిగా ఎన్నటికీ చేరలేని అంకెలు ఇవి. చిక్కల్లా పెరోవ్‌స్కైట్‌కి తేమ, వేడి రెండూ పడకపోవడమే, మన దగ్గర ఆ రెండింటికీ కొదవ లేదు. మామూలు సిలికాన్ ప్యానెల్‌ని 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచి పరీక్షిస్తారు, అది దాటాకే బజారుకి వస్తుంది, ఆ పైన డాబాల మీద దశాబ్దాలు నిలిచిన రికార్డు దానికి ఉంది. పెరోవ్‌స్కైట్‌కి ఆ రికార్డు ఇంకా రాయాల్సే ఉంది. కాబట్టి 'కొత్తది వస్తోంది కదా, ఆగుదాం' అనుకునేవాళ్ళు ఆగక్కర్లేదు. ఇవాళ్టి టాప్‌కాన్ ప్యానెల్‌ని నీడ లేని చోట, కింద గాలి ఆడేలా పెట్టించుకుంటే, కొత్తది మన మే నెలల్ని తట్టుకుంటుందో లేదో తేలేలోపే దాని ఖర్చు తిరిగి వచ్చేస్తుంది.